తువ్వాలు కింద లైను

మా ఆఫీసు ఫిషింగ్ హార్బర్ రోడ్డులో ఒక ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఉండేది. కింద ఐసు దిమ్మలు పగలగొడుతుంటే పైన మా కంప్యూటర్లు అదిరేవి. ఏసీ అక్కర్లేదు గానీ, ఎంత కడిగినా కీబోర్డుకి చేపల వాసన పోయేది కాదు. 2005 ప్రాంతం మాట.

ఆఫీసంటే నేనూ, కన్నబాబూ. మాది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కన్నబాబుది జాలరిపేట. కాలేజీలో నా పక్క బెంచీ. నాకు మెషీన్లు తెలుసు, వాడికి మనుషులు తెలుసు. అలా ఇద్దరం కలిసి పెట్టిన కంపెనీ అది.

మేం చేసే పని చెప్పాలి. హార్బర్లో రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లకి కొచ్చిన్‌లోనో చెన్నైలోనో కొనేవాళ్లు ఉంటారు. ధరలు, సరుకు వివరాలు అంతకుముందు ఫోన్లో అరిచి చెప్పేవారు, లేదా ఫ్యాక్స్ పంపేవారు. ఫోన్లో అరిస్తే పక్క షెడ్డు వాడు వింటాడు. ఫ్యాక్స్ కాగితం ముందు ఎవడి చేతికందితే వాడు చదువుతాడు. మేం ఈ షెడ్డులో ఒక బాక్సు, అవతలి ఊళ్లో ఒక బాక్సు పెట్టి, ఇంటర్నెట్ మీదే ఆ రెంటికీ మధ్య వాళ్లకి మాత్రమే నడిచే దారి వేసేవాళ్లం. వీపీఎన్ అంటారు దాన్ని. లోపల ఏం వెళ్తోందో దారిలో ఉన్నవాడికి కనబడదు. దారి వేసిన మాకూ కనబడదు.

మా బోర్డు మీద కన్నబాబు రాయించిన మాట: "మీ మాట మీకే! దేముడు కూడా వినలేడు!" దేముడి సంగతి తీసెయ్యమని నేను మొదటిరోజు నుంచీ అంటూనే ఉన్నాను.

ఒకరోజు మాకు ఇంటర్నెట్ లైను ఇచ్చే పెద్ద కంపెనీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వం పెట్టిన షరతట. తమ లైను మీద ఇలాంటి సొంత దారులు నడిపే ప్రతివాళ్లూ, ఎవరు ఎప్పుడు ఎవరితో కలిశారో రికార్డు ఏడాదిపాటు ఉంచాలి. అధికారం ఉన్న ఆఫీసరు అడిగితే చూపించాలి. నెలలోగా తనిఖీకి వస్తారు, రికార్డు లేకపోతే లైను కట్. లైను కట్ అంటే మా కంపెనీ కట్. నేను మళ్లీ ఊరికి వెళ్లి నాన్నతో పాటు పొలం గట్టు మీద కూర్చోవడమే. మొదటి కంప్యూటర్ కోసం ఆయన మా ఎడ్ల జతను అమ్మేశాడు కాబట్టి అక్కడ దున్నడానికి కూడా ఏం లేదు.

నేను అదే రోజు రికార్డు మొదలుపెట్టాను. అంతటితో ఊరుకోలేదు. మన దారిలో నడిచేవాళ్లకి మనం చెప్పకుండా రాసుకోవడం తప్పు కదా అని షెడ్డు షెడ్డుకీ వెళ్లి చెప్పడానికి బయల్దేరాను.

"పిచ్చేటి బావా నీకు?" అన్నాడు కన్నబాబు. "సంబరం సేసి మరీ సెప్తావా? రాసుకో, నోరు మూసుకో."

"చెప్పాలి కన్నబాబూ. రేపు తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

"నీ మొహం సంగతి తరవాత. ముందు మా మావ మొహం సూసి రా."

మావ అంటే గురువులు. కన్నబాబు మేనమామ, నాలుగు బోట్ల యజమాని. తన సరుకు చాలకపోతే వేలంలో కొని కొచ్చిన్ పంపుతాడు. హార్బర్లో ఆయన ఏం చేస్తే మిగతా షెడ్లవాళ్లు అదే చేస్తారు. మా బాక్సు మొదట పెట్టించుకున్నదీ ఆయనే, ఆయన్ని చూసే మిగతావాళ్లు పెట్టించుకున్నారు. నేను వెళ్లేసరికి వల మీద కూర్చుని చిరుగులు చూస్తున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"అంటే ఏటి బాబూ, నాను ఎవులితో మాటాడతన్నానో నువ్వు రాసుకుంతావా?"

"నేను కాదండీ, మెషీన్ రాస్తుంది."

"మెషీన్ నీది కాదేటి?"

"నాదేనండీ."

"మరి నువ్వు రాసినట్టే గదా."

"మీరేం మాట్లాడారో మాత్రం తెలీదండీ," అన్నాను.

"రేపు పొద్దున్నే వేలం కాడికి రా. అందరి ముందూ సెప్పు ఈ ఊసు. నచ్చితే ఉంచుతాం, లేపోతే నీ బాక్సులు నువ్వు పట్టుకుపోదువుగాని."

ఎలా చెప్పాలా అని సాయంత్రమంతా ఆలోచించాను. చివరికి మా ఎడ్లను అమ్మిన సంత గుర్తొచ్చింది. ఎడ్ల బేరం పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ జనం నిలబడి ఉన్నా ధర ఎవరికీ తెలీదు. అచ్చం మా వీపీఎన్. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరనిపించింది.

తెల్లారకముందే వేలం మొదలైంది. బోట్లలోంచి గంపలు దిగుతున్నాయి. పాట పాడించేది పోతమ్మ. హార్బర్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ 'అప్ప', అంటే అక్క. ఆవిడతో తగువు పడని మనిషి ఆ హార్బర్లో లేడు. అందరితోనూ సమానంగా పోట్లాడుతుంది కాబట్టి అందరికీ ఆవిడంటే నమ్మకం. పాట ఒక కొలిక్కి వచ్చాక నేను ఒక గంప బోర్లించి ఎక్కాను. కన్నబాబు చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వాళ్ల యాసలోనే మొదలుపెట్టాను.

"చూడండి. మేమిద్దరం బేరం ఆడతన్నాం. మీకు కనబడతన్నదేటి? ఇద్దరు మనుషులు, ఒక తువ్వాలు. అంతే. ఏ వేలు నొక్కాడో కనబడదు. గవర్నమెంటు రాయమన్నది పైన కనబడేదే. తువ్వాలు కింద ఉన్నది నాను రాయను, రాద్దామన్నా రాయలేను!"

కొందరు తలలు ఊపారు. బాగా చెప్పానని సంబరపడ్డాను. అప్పుడు పోతమ్మ నవ్వింది.

"ఓలమ్మ, ఈ సదూకున్న బాబు ఎంత మంచోడర్రా! ఒరే గురువులూ, ఇటు రా. నువ్వు కొచ్చినోడితో ఒకపాలి సెయ్యి కలిపినావనుకో, ఊరికే పలకరింపు అనుకుంతాను. పొద్దున్నించి అయిదుపాళ్లు కలిపినావనుకో, ఏటనుకుంతాను?"

గురువులు తల గోక్కున్నాడు.

"ఆడికి సరుకు అర్జెంటని నాకు తెలిసిపోదేటి? ఏలు సూడక్కర్నేదు, సెయ్యెన్నిపాళ్లు తువ్వాలు కిందకెల్లిందో సూత్తే సాలు. నానప్పుడు పాట ఎక్కువ ధర మీదే మొదలెడతాను."

అందరూ ఘొల్లున నవ్వారు. నేను గంప దిగాను. నా తువ్వాలు పోలిక నా మీదకే తిరిగింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఎవరు ఎవరితో ఎప్పుడు కలిశారన్నదే సగం రహస్యం.

"అందులోనూ," అన్నాడు గురువులు, మేనల్లుడి వైపు తిరిగి, "ఆ మెషీన్ పక్కన కూకునేది ఎవులు? ఈడు. మొన్న టీ కొట్టు కాడ ఏటన్నాడో అడగండి. మావ ఈ వారం కొచ్చినోళ్లతో తెగ మాటాడతన్నాడు అన్నాడు!"

"అది... ఊరికే గొప్పకి అన్నాను మావా," అన్నాడు కన్నబాబు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని.

"నాకు గవర్నమెంటు భయం లేదు బాబూ," అన్నాడు గురువులు నాతో. "నాను దొంగ సరుకు అమ్మను. గవర్నమెంటు అడిగితే సెప్తాను. నా భయమల్లా ఈడి నోరే."

అప్పుడు అర్థమైంది నాకు. రాయకుండా ఉండటం కుదరదు. రాసింది ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న. నేను దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రికార్డు మా గదిలో మూలనున్న మెషీన్లో ఉంది. దానికి పాస్‌వర్డ్ కూడా లేదు.

"మా అమ్మోరి గుడి ఉండీకి రెండు తాళాలు," అంది పోతమ్మ, గంప ఎత్తుకుంటూ. "రెండూ రెండిళ్లలో. ఒకడు తీద్దామన్నా తియ్యలేడు. నీ మెషీనుకి ఒక్క తాళవూ లేదు. పైగా కాపలాకి కన్నబాబు!"

ఆవిడ వెక్కిరింపుకే అంది. నేను మాత్రం అది పట్టుకున్నాను. ఆ రోజే గాజువాక వెళ్లి, ఇనప షట్టర్లు చేసే కొట్టులో ఒక పెట్టె చేయించాను. గాలి ఆడటానికి చిల్లులు, ముందు తలుపు, దానికో తాళంకప్ప. రికార్డు రాసే మెషీన్ అందులో. పాస్‌వర్డ్ పెట్టి అది నా దగ్గర ఉంచుకున్నాను. తాళంచెవి పట్టుకెళ్లి పోతమ్మ చేతిలో పెట్టాను.

"నాకెందుకు బాబూ? నాకు సదూ రాదు."

"అందుకు కాదప్పా. నువ్వు ఎవరి పక్షమూ కాదు, అందుకు."

ఆవిడ తాళంచెవి బొడ్లో దోపుకుంది. "నాను తీసిన్నాడే నువ్వు సూడాల. నువ్వుండగానే నాను తియ్యాల. అంతే గదా? మా అమ్మోరి ఉండీయే ఇది."

గురువులు మాత్రం ఒప్పుకోలేదు. "ఆఫీసరొచ్చిన్నాడు నానూ వత్తాను. ఆడు గట్టిగా అడిగితే నువ్వు మొత్తం విప్పి సూపించీస్తావు. నీ మొహం సూత్తే తెల్తంది."

తనిఖీ ఆఫీసరు ఒక సోమవారం ఉదయం మెట్లెక్కి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ముక్కుకి రుమాలు అడ్డం. ఆయన వెనకే గురువులు వచ్చాడు, చేతిలో ఐసుపెట్టె. అది తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల రొయ్యలేమో అనుకున్నాను. చూస్తే మా బాక్సు, వైర్లతో సహా పీకి తెచ్చాడు. బాక్సు ఉంచేదీ మానేదీ తేలేది ఇవాళే అని ఆయన నోటితో చెప్పలేదు, అంతే.

"రికార్డు చూపించండి," అన్నాడు ఆఫీసరు.

"తాళంచెవి కింద వేలంలో ఉందండీ."

"వేలంలోనా? తాళంచెవి అమ్ముతున్నారా?"

కన్నబాబు పరుగెత్తాడు. పాట మధ్యలో పోతమ్మ లేవనంటుందేమో అని నా భయం. లేచే వచ్చింది. చేతుల నిండా పొలుసులు, భుజాన తడి తువ్వాలు. ఆఫీసరు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"కాయితం ఏదీ బాబూ?" అంది పోతమ్మ.

"ఏం కాగితం?"

"తియ్యమన్న కాయితం. కాయితం లేపోతే అమ్మోరి ఉండీ కూడా తియ్యం."

ఆయన నా వైపు చూశాడు. నా చేతిలో పెన్ను జారి కింద పడింది. అయినా, "అవునండీ, చదివి వినిపించి తెరుస్తాం," అన్నాను. ఆయన బ్యాగులోంచి తీసి ఇచ్చాడు. నేను పైకి చదివాను. రికార్డు ఏడాదిపాటు ఉంచే ఏర్పాటు ఉన్నదీ లేనిదీ పరిశీలించవలసినదిగా.

"ఉన్నాదో లేదో సూడమన్నారు," అంది పోతమ్మ. "ఏటుందో సూడమన్నారా?"

"లేదప్పా. ఆ మాట లేదు."

ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసింది. నేను పాస్‌వర్డ్ కొట్టాను. తెర మీద వరసలు వచ్చాయి. తేదీ, సమయం, ఆపైన పేర్లు, ఏది ఏదో పోతమ్మకి వేలితో చూపించాను. ఆఫీసరు ముందుకు వంగేలోగా పోతమ్మ భుజాన ఉన్న తువ్వాలు తీసి సరిగ్గా పేర్ల మీద పరిచేసింది.

"తేదీలు సూసుకోండి బాబూ. మానకుండా రాసినాడు. పేర్లు తువ్వాలు కింద."

కింద ఐసు పగులుతోంది. ఆఫీసరు రుమాలు ముక్కు మీంచి తీశాడు. తువ్వాలు వైపు చూశాడు, ఇనప పెట్టె వైపు చూశాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. దగ్గేమో అనుకున్నాను. నవ్వు.

"మా తాతగారు ఎడ్లు కొనేటప్పుడు చూశాను ఇది," అన్నాడు. "కంప్యూటర్ మీద చూడటం ఇదే మొదటిసారి." తర్వాత కాస్త గంభీరంగా అన్నాడు: "నాకు ఇవాళ పేర్లు అక్కర్లేదమ్మా. కానీ రేపు కేసేదైనా ఉండి ఆర్డరొస్తే ఈ తువ్వాలు తీయాల్సిందే."

"తీత్తాం బాబూ. ఎవులి పేరు మీద కాయితం ఉంటే ఆ పేరు మీద నుంచి తీత్తాం. మిగతాది కప్పే ఉంచుతాం. తువ్వాలు పెద్దదే."

ఆయన తేదీలు పైనుంచి కిందదాకా చూసి, రిపోర్టులో 'భద్రత ఏర్పాట్లు సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాడు. ఆపైన, "ఈ పక్కన వంజరం చేప మంచిది ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. పోతమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని కిందకి తీసుకెళ్లింది. మెట్ల మీదే బేరం మొదలైంది. అది మాత్రం పైకే, వీధంతా వినబడేలా.

గురువులు కుర్చీలోంచి లేవలేదు. ఇనప పెట్టె వంక చూస్తూ కూర్చున్నాడు. తడి తువ్వాలు నుంచి నీళ్లు కీబోర్డు మీదకి కారుతుంటే నేను తుడుస్తున్నాను.

"ఆడు కళ్లెర్రజేస్తే విప్పీస్తావనుకున్నాను," అన్నాడు చివరికి.

"నాకూ భయమేసిందండీ."

"ఏసింది, సూసినాను. అయినా సదివే తీసినావు." ఐసుపెట్టె మూత వేసి, లేచి నెత్తి మీద పెట్టుకున్నాడు. "ఆ బోర్డు మీద దేముడి మాట సెరిపించు. దేముడు ఇంటాడు. పోతమ్మ ఇంటాది. మిగతా ఎవులూ ఇనకపోతే సాలు."

"ఇవాళే సున్నం కొట్టిస్తానండీ. బాక్సు ఇటిచ్చి వెళ్లండి మరి, వాపసు రాసుకోవాలి."

"వాపసేటి? ఎల్లి బేగి తగిలించాల. కొచ్చినోడు పొద్దున్నించి ఎదురుసూత్తన్నాడు." గుమ్మం దాటబోయి ఆగాడు. మెల్లగా వెనక్కి తిరిగి మేనల్లుణ్ణి చూశాడు. "కన్నబాబూ, నాను ఇప్పుడేటన్నాను?"

కన్నబాబు బల్ల మీంచి పోతమ్మ తువ్వాలు తీసి, రెండు చెవుల మీదుగా తలకి గట్టిగా చుట్టుకున్నాడు.

"ఏటో మావా, ఐసు సప్పుడులో ఏటీ ఇనపళ్లేదు."