రాకాసి గూళ్లలో అక్క

ఈస్టర్ నాడు బోధన్‌లో అందరూ తమ తమ వాళ్ల సమాధులకు పూలు పెడుతుంటే, మా అవ్వ, బాపు, నేను ముగ్గురం మాత్రం బస్సెక్కి ధర్పల్లి అవతలి అడవి పట్టేవాళ్లం. మా అక్క అక్కడుంది. నేను పుట్టకముందు, నెలైనా నిండకుండా పోయింది. అప్పుడు మా వాళ్లు ఆ అడవి పక్కన చేను కాపలాకు ఉండేవారు. వాగు పొంగి ఊళ్లోకి దారి లేకపోతే, బాలింతగా ఉన్న అవ్వను గుడిసెలో వదిలి, బాపు ఒక్కడే పసిగుడ్డును ఎత్తుకుపోయి పాతిపెట్టి, చుట్టూ రాళ్లు పేర్చి వచ్చాడు. అప్పటినుంచీ అవ్వకు ఆ రాళ్ల గుండ్రమే బిడ్డ.

తొంభై ఆరులో మేం వెళ్లేసరికి అడవి మారిపోయింది. మొదట్లోనే కొత్త గేటు, సున్నం కొట్టిన రాళ్లతో కాలిబాటలు, చెట్లకు బాణం గుర్తులు. ఆ బాణాలను నమ్మి బాపు నడిపిస్తే తిరిగి తిరిగి గేటు దగ్గరికే వచ్చాం.

"నీ తెలివికో దండం బాపూ" అని విసుక్కున్నాను.

చివరికి దొరికింది. కానీ గుండ్రం మధ్యలో గొయ్యి, చుట్టూ తాడు. అవ్వ చేతిలోని గన్నేరు పూల బుట్ట జారిపోయింది.

"నా బిడ్డను తవ్విండ్రు! ఎవడ్రా తవ్వింది?"

ఆ అరుపుకు కాపలాదారు కాశయ్య ఉరికొచ్చాడు.

"బిడ్డేందమ్మా? గివి రాకాసి గూళ్లు. ఎన్కటోళ్ల గోరీలు. పట్నం సార్లు మొన్ననే తవ్విండ్రు. మూడు వేల ఏండ్ల నాటి కుండలంట, గవే ఎల్లినయి. నేను పక్కనే ఉన్న. పసిపిల్ల బొక్కగాని, పుర్రెగాని ఒక్కటి గూడ లేదు."

మాకేమీ అర్థం కాలేదు. ఇక్కడ కుండలుంటే మరి అక్క ఏది? అవ్వ బాపు వైపు తిరిగింది.

"నీ చేతులతోని పెట్టినవు గదా? ఇదే అని నువ్వే గద తోలుకొచ్చినవు?"

"గీ ఇప్పచెట్టు కిందనే..." అంటూ బాపు తలెత్తాడు. ఎటు చూసినా ఇప్పచెట్లే. "ఆ దినం ఒకటే వాన. కండ్లల్ల నీళ్లు. నాకేం కనవడ్డది జ్ఞానమ్మా?"

ఇంకో గుండ్రం దగ్గరికి పోయి "గిది కావచ్చు" అన్నాడు. మళ్లీ "కాదు, గది" అన్నాడు. బాటల కోసం పొదలు కొట్టేయడంతో బయటపడ్డ ఎన్నో గుండ్రాలు, చిన్నవీ పెద్దవీ. సున్నపు బాట మీద అటూ ఇటూ తిరుగుతున్న బాపును చూస్తే ఏడుపొచ్చింది. ఇందాక బాపు మీద విసుక్కున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇన్నేండ్లు ఎవలకు ఏడ్చినమయ్యా మనం?" అంది అవ్వ.

తర్వాత తనే కింద పడ్డ పూలన్నీ ఏరి బుట్టలో వేసుకుని లేచింది. గుండ్రానికో పువ్వు పెట్టుకుంటూ పోయింది.

"గిన్నిట్ల ఏదో ఒకటి నా బిడ్డదే" అంది.

ఆఖరి గుండ్రం అయ్యాక బుట్టలో ఒక్క పువ్వు మిగిలింది. అవ్వ వెనక్కి తిరిగి తవ్విన గొయ్యి వైపు నడిచింది.

"అది మనది కాదట గదవ్వా, ఒట్టి గొయ్యి" అన్నాను.

"ఎర్కనే" అని తాడు కింద నుంచి దూరి, పువ్వును గొయ్యి అంచున పెట్టింది.

"ఇన్నేండ్లు దీని మీదనే గద ఏడ్చిన. దీన్నెట్ల ఇడిసిపెడ్త?"