తలుపు మీద రెండు దెబ్బలు

బఠానీలు ఒలుస్తూనే కోడలు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. ఒళ్ళో గిన్నె, పక్కన తొక్కల కుప్ప. అవతల మాట్లాడుతున్నది వారపత్రిక సంపాదకుడు. ఆమె పంపిన కథలు ఆయన తిప్పి పంపడమే గానీ, ఫోన్ చేయడం ఇదే మొదలు.

"అమ్మా, మీ కథలో ముసలాయన దగ్గుతున్నాడు."

"అవునండీ."

"పోయిన కథలో ముసలాయన కూడా దగ్గాడు. అంతకు ముందాయనా దగ్గాడు. ముందు వాళ్ళకి మందిప్పించండమ్మా."

కోడలు ఒక కాయ ఒలిచి గింజలు కుప్పలోనూ, తొక్క గిన్నెలోనూ వేసింది.

"ముసలివాళ్ళందరూ దగ్గరు. తల్లులందరూ కళ్ళు తుడుచుకోరు. అప్పిచ్చినవాళ్ళందరూ మీసం దువ్వరు. మీ భాష బావుంది, మనుషులే లేరు. అన్నీ అట్టబొమ్మలు. వెనక్కి వెళ్ళి చూస్తే వీపులుండవు. వీపున్న మనిషిని ఒక్కణ్ణి తీసుకురండి. కథ సంగతి తర్వాత చూద్దాం."

ఫోన్ పెట్టేశాడు. అత్తగారు వచ్చి, కుప్పలో పడ్డ గింజలు ఏరి గిన్నెలో వేస్తూ, "ఏమంటాడు?" అంది.

"వీపులు లేవంటున్నారు."

"వీపు చీరేస్తానని బెదిరించే సంపాదకుణ్ణి విన్నాను గానీ, వీపు తెమ్మనేవాణ్ణి వినలేదు" అని ఆవిడ వంటింట్లోకి పోయింది.

కోడలు మాట తక్కువ మనిషి. పల్లెటూరి బడిలో చదువుకున్నన్నాళ్ళూ పాఠం కంటే పాఠం చెప్పేవాళ్ళ చెప్పులే ఎక్కువ చూసేది. ఎవరు మడమ దగ్గర అరగదీస్తారో, ఎవరు ఓరగా అరగదీస్తారో అడిగితే ఇప్పటికీ చెబుతుంది, కానీ ఎవరూ అడగరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆడపడుచు ఆమెకు 'ముంగి' అని పేరు పెట్టింది. ముంగి కథలు రాస్తుందని తెలిశాక, "నోరు కుట్టేసుకున్నా చెయ్యి ఊరుకోదన్నమాట!" అంది. ఇంత చూసే మనిషి, కాగితం ముందు కూర్చునేసరికి ఎక్కడో చదివిన ముసలాయన్నే రాసేది. చూసింది ఒక గదిలో, రాసేది ఇంకో గదిలో ఉండేది. మధ్య తలుపు ఉందని ఆమెకు తట్టలేదు.

ఆ పూట తలెత్తి చూస్తే ఎదురుగా మామగారు ఉన్నాడు. గుమ్మంలో నిలబడి పాత పేపర్లు కట్ట కడుతున్నాడు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. బస్సు దిగాడు గానీ, బస్సు ఆయన్ని దిగలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము గుమ్మానికి ఆనించి నిలబడతాడు, ఇల్లు ఎప్పుడు బ్రేకు వేస్తుందో తెలియదన్నట్టు. వంటింట్లో ఇద్దరు చేరితే చాలు, "లోపలికి జరగాలి, లోపల బోలెడు ఖాళీ ఉంది" అంటాడు. కాగితమనేది చేతికొస్తే బొటనవేలు నాలుకకి తాకించి గానీ ముట్టడు. పేపరే కాదు, రొట్టె ముక్కలు పంచేటప్పుడూ అంతే. "ఎంగిలి!" అని భార్య అరిస్తే, "అలవాటైన ఎంగిలి" అంటాడు.

కోడలు ఆయన వీపు కేసి చూసింది. ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంది. అన్నేళ్ళు సంచీ మోసిన భుజం అది.

కథ వారంలో అయిపోయింది. నెల తిరక్కుండా అచ్చయింది.

ఆదివారం ఆడపడుచు పత్రిక పట్టుకుని ఊడిపడింది. నాలుగు వీధుల అవతల ఆవిడ కాపురం; ఏదైనా జరిగితే ముందు ఆవిడకే తెలుస్తుంది, జరక్కపోతే ఆవిడే జరిపిస్తుంది. అందరినీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది. బొటనవేలు దగ్గర అత్తగారు పకపకా నవ్వింది. "లోపలికి జరగాలి" దగ్గర కొడుకు, అదే కోడలి భర్త, టీ ఒలకబోసుకున్నాడు.

"నాన్నా, నిన్ను నిలువునా దింపేసిందే ఈ ముంగి!"

"నన్నెందుకు రాయలేదమ్మాయ్?" అని అత్తగారు నిష్ఠూరమాడింది. "ఇంట్లో నేనొకదాన్ని కనపడలేదా?"

"నువ్వు కథలో పట్టవమ్మా. నవల కావాలి" అంది ఆడపడుచు.

మామగారు మాత్రం పత్రిక తీసుకుని, బొమ్మ వేసిన పేజీ చూసి, "బావుందమ్మా" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే బావుందని అన్నాడు.

మర్నాడు రొట్టె ముక్కలు పంచుతూ ఆయన బొటనవేలు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. గాలిలో కాసేపు అలాగే ఉంచి, చొక్కాకి తుడుచుకుని, పొడి వేలితోనే పంచాడు. రెండు ముక్కలు అంటుకుని ఒకే పళ్ళెంలోకి పోయాయి. ఎవరూ పట్టించుకోలేదు, కోడలు తప్ప.

ఆ వారంలోనే ఆయన స్టేషనరీ దుకాణం నుంచి, కౌంటర్ల మీద పెట్టుకునే తడి స్పాంజి డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. పేపర్లు కట్ట కట్టాలంటే దాంట్లో వేలద్దుకుంటున్నాడు.

"ఏంటి నాన్నా, ఇంట్లో బ్యాంకు పెట్టావా?" అంది కూతురు.

"శుభ్రం కదమ్మా" అన్నాడు.

తర్వాత గుమ్మంలో నిలబడడం పోయింది. కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంటున్నాడు, ఫోటోకి కూర్చున్నవాడిలా. వంటింట్లో ఇద్దరు కాదు, నలుగురు చేరినా నోరు మెదపడం లేదు. "ఏంటండీ, బండి షెడ్డులో పెట్టేశారా?" అని భార్య ఎగతాళి చేస్తే, చిన్నగా నవ్వి ఊరుకున్నాడు.

ఒక రోజు కోడలే అడిగింది. "నేను రాసింది మీకు కష్టంగా ఉందా మామయ్యా?"

"లేదమ్మా. చక్కగా రాశావు." మోకాళ్ళ మీద చేతులు సర్దుకుని అన్నాడు. "నేనలా నిలబడతానని నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా. తెలిశాక అలా నిలబడితే, నిలబడుతున్నట్టు ఉండదు, వేషం వేస్తున్నట్టు ఉంటుంది."

ఆయన స్పాంజి డబ్బా మూత బిగించాడు.

పత్రికవాళ్ళు మాత్రం అక్కడితో వదల్లేదు. సంపాదకుడు మళ్ళీ ఫోన్ చేశాడు. పాఠకులు ఆ కండక్టరు గారి గురించే అడుగుతున్నారు, ప్రత్యేక సంచికకి ఆయన్ని ఇంకోసారి తీసుకురండి, మొదటి పేజీల్లో వేస్తాం అన్నాడు. ఇన్నాళ్ళూ తిరుగుటపాలు తప్ప ఎరగని మనిషికి ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది.

ఈసారి ఎవరి జోలికీ పోకూడదని ఒట్టు పెట్టుకుంది. అంతా సొంతంగా కల్పిస్తాననుకుంది. కథలో ముసలాయన చేతికి ఒక వేణువిచ్చింది. ఆయన ఊదలేదు. మేడ మీద పావురాలను పెంచమంది. పెంచాడు గానీ, పావురాలు ఎగిరిపోయినప్పుడు ఆయనకేమీ అనిపించలేదు, రాసిన ఆమెకీ అనిపించలేదు. అలాగే పంపింది.

"అమ్మా" అన్నాడు సంపాదకుడు, "ఈయనకి మళ్ళీ దగ్గొచ్చింది."

మిగిలింది ఒక్కటే. మొదటి కథలో కావాలనే వదిలేసినది.

సాయంత్రం పూట మామగారు నడకకి వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుని, బయటికి అడుగు పెట్టి, తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. పూర్వం బస్సు పక్క రేకు మీద వేసినట్టే. "రైట్... పోనీ!" అంటాడు. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో బాణలి అంచు మీద ఒకసారి 'టంగ్'మనిపిస్తుంది. అది డ్రైవరు హారన్. అప్పుడు గానీ ఆయన మెట్లు దిగడు.

ఆ సంగతి అత్తగారే ఒకసారి ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. "పెళ్ళైన కొత్తలో నవ్వులాటకి మొదలెట్టాం. తర్వాత ఒకసారి పెద్ద గొడవైంది, ఎందుకో కూడా గుర్తులేదు. చాన్నాళ్ళు మాటల్లేవు. అప్పుడు కూడా ఆయన తలుపు కొట్టడం మానలేదు. నేను గరిటె కొట్టడం మానలేదు. ఒకర్నొకరు తిట్టుకోడానికి కూడా నోరు తెరవలేదు గానీ, బండి మాత్రం ఏ పూటా ఆగలేదనుకో!"

కోడలు ముందు దానికి మారువేషం వేసి చూసింది. కండక్టరుని కాపలాదారుని చేసింది, అరచేతిని కర్ర చేసింది, గరిటెని గంట చేసింది. దొంగ వేషం మార్చినా నడక మారదంటారు. ఇక్కడ వేషం మార్చేసరికి నడకే పోయింది. కర్ర చప్పుడుకి గంట ఎందుకు మోగుతుందో ఆమెకే తెలియలేదు. అన్నీ కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాసింది. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. చదువుకుంటే ముసలాయనకీ వీపుంది, ముసలామెకీ వీపుంది. ఇద్దరి మధ్యా ఉన్న గోడక్కూడా ఉన్నట్టుంది.

పంపలేదు. బొటనవేలు పోయింది, గుమ్మం పోయింది. ఇదీ పోతుందేమోనని భయం పట్టుకుంది. అడక్కుండా పంపడం దొంగతనమనిపించింది. అడగాలంటే ఏం రాసిందో చెప్పాలి. వేరే దారి కనపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం, టీ తాగుతుండగా, "ఒకటి చదువుతాను, వింటారా?" అంది. ముంగి తనంతట తాను నోరు తెరవడం చూసి ఆడపడుచు కప్పు కింద పెట్టేసింది.

కోడలు తలెత్తకుండా చదివింది. గొడవైన రోజుల దగ్గర అత్తగారు బల్ల మీద లేని నలకని తుడిచింది.

ముందుగా తేరుకున్నది ఆడపడుచే. ఈసారి ఆవిడ దగ్గర వెటకారం లేదు. "నేను ఈ ఇంట్లోనే పుట్టి పెరిగాను. నాన్న తలుపు కొట్టడం విన్నాను, అమ్మ గరిటె కొట్టడం విన్నాను. రెండూ ఒకటేనని ఎప్పుడూ తట్టలేదే!"

"నేను గరిటె అంత గట్టిగా కొడతానా?" అంది అత్తగారు.

"కొడతావు" అన్నాడు మామగారు. "వీధి చివరికి వినపడుద్ది."

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు. "వద్దంటే పంపను మామయ్యా. ఇప్పుడే చింపేస్తాను."

"చింపిన టిక్కెట్టుని మళ్ళీ అతికించి ఇస్తే ఎవరైనా తీసుకుంటారా?" అన్నాడాయన నెమ్మదిగా. "విన్నాం కదమ్మా. పంపు. బావుంది. మొదటిదానికంటే బావుంది."

"నిజంగా?"

"నిజంగానే. ఇంతకాలం చేశాం గానీ, ఇది ఇంత బావుంటుందని మాకే తెలీదు."

ఆడపడుచు వెళ్ళిపోయింది. కొడుకు నిద్రపోయాడు. అత్తగారు వంటింట్లోకి పోయి పొయ్యి మీద బాణలి పెట్టింది. కోడలు టీ కప్పులు కడుగుతూ సింకు దగ్గర నిలబడింది. అక్కడి నుంచి చూస్తే వీధి తలుపు సగం కనపడుతుంది.

పొద్దు వాలాక మామగారు కుర్చీలోంచి లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. ఎప్పటికంటే కాస్త ఎక్కువ సేపే వేసుకున్నాడు. ఆ చప్పుడు వినగానే అత్తగారు కూర కలపడం ఆపి, గరిటె పైకెత్తి, బాణలి అంచుకి కాస్త ఎడంగా పట్టుకుంది. కొట్టడానికి సిద్ధంగా ఉన్న తన చేతిని తనే ఒకసారి చూసుకుంది. ఎత్తు ఎక్కువైందనుకుందేమో, కొంచెం కిందికి దించింది. కోడలు కుళాయి కట్టేసింది.

తలుపు తెరుచుకుంది. ఆయన బయట అడుగు పెట్టి, వెనక్కి తిరిగి, అరచెయ్యి ఎత్తాడు. చెయ్యి తలుపుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఒకసారి వంటింటి వైపు చూశాడు. గరిటె పట్టుకున్న భార్య కనపడలేదు గానీ, కప్పు పట్టుకున్న కోడలు కనపడింది. ఆమె గబుక్కున చూపు తిప్పుకుంది.

ఆయన ఆ చేత్తోనే తలుపు మెల్లగా దగ్గరికి లాక్కుని, ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.