గడ్డి పీకిన మొనగాడు

ఇరవై ఆరేళ్ళు పార్కులో తోటమాలిగా చేసినవాణ్ణి నేను. నా పాదుల్లో గడ్డిపరక కనిపిస్తే ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అని తోటివాళ్ళు అనేవాళ్ళు. దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను. రిటైరయ్యాక అక్క ఇంట్లో మకాం పెట్టాను. ఆ ఇంట్లో నేను చేసే పని తినడం, సలహాలివ్వడం.

అక్కకి వీధి మొగలో చిన్న బేకరీ ఉంది. బావ పోయాక ఒక్కతే నడుపుతోంది. ఆమె బన్నులు లోపల నారింజ రంగులో ఉంటాయి. ఆ రంగు డబ్బా పొడి కాదు, ఒక మొక్క వేళ్ళది. ఎండబెట్టి, దంచి, పిండిలో కలుపుతుంది. పక్క వీధిలో అద్దాల బేకరీ వెలిసినా జనం ఇంకా ఇటే వస్తున్నారంటే ఆ వేళ్ళ పుణ్యమే.

వాటిని తవ్వి తెచ్చే ముసలామెని మేం వేళ్ళ పెద్దమ్మ అంటాం. ఒకరోజు ఆమె కాలు బెణికి ఉత్త చేతులతో వచ్చింది. ఊరి చివర గడ్డిబీడులో ఏదో భవనం లేస్తోందట, వారంలో పునాదులు తవ్వుతారట. ఆ మొక్క ఇంకెక్కడా తన కంట పడలేదంది. అక్క ముఖం పాలిపోయింది. నేనున్నాను కదా, మొక్కలే తెచ్చి మన పెరట్లో నాటేస్తాను అన్నాను. నన్నెవరూ అడగలేదు, అయినా అన్నాను.

పెద్దమ్మ నాకు ఒక్క మాటే చెప్పింది. "చుట్టూ ఉన్న మట్టీ గడ్డీ కదపకుండా, పెళ్ళకి పెళ్ళే ఎత్తుకురా నాయనా."

మొక్కల సంగతి నాకే చెప్పొచ్చింది, తాతకి దగ్గులు నేర్పినట్టు అనుకున్నాను.

బీడంతా గాలించి నలభై మొక్కలు తెచ్చాను. పెరట్లో పీట వేసుకుని ఒక్కోదానికీ గడ్డి విడదీశాను. గడ్డి వేళ్ళు దీని వేళ్ళకి అతుక్కుపోయి ఓ పట్టాన రావే! దుర్మార్గపు గడ్డి, పాపం మొక్కని పీల్చేస్తోందని తిట్టుకుంటూ చాకుతో కోశాను. శుభ్రంగా కడిగి వరసల్లో నాటాను. రోజూ తెల్లారగానే మోకాళ్ళ మీద కూర్చుని, మొలిచిన పరకనల్లా పీకాను. బన్నులకొచ్చిన వాళ్ళని పెరట్లోకి లాక్కెళ్ళి మరీ చూపించాను. వాళ్ళు మెచ్చుకుంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

రెండు వారాలకి ఆకులు వేలాడేశాయి. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను, తక్కువయ్యాయేమోనని పెంచాను. ఎరువు వేశాను. ఆకులు నల్లబడ్డాయి. ఆకాశాన్ని తిట్టాను. లోపల అక్క డబ్బాలో వేళ్ళ పొడి అడుగంటింది.

ఆఖరికి పెద్దమ్మ కుంటుకుంటూ చూడవచ్చింది. నా వరసల్ని అటూ ఇటూ చూసి, గడ్డి ఏదని అడిగింది. మొత్తం పీకేశానని నేను కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె బోర్లించిన బక్కెట్టు మీద కూలబడింది.

"దాని తిండి దానికి చాలదయ్యా. గడ్డి వేళ్ళని పట్టుకుని, వాటి సారం లాక్కుని బతుకుతుంది. పీల్చేది గడ్డి కాదు, ఇదే."

మళ్ళీ తెద్దామంటే, బీడు అప్పటికే పెద్ద గొయ్యి. అక్కకి చెప్పొద్దని ఆమెని బతిమాలుకున్నాను. తను చెప్పనంది, చెప్పుకోవాల్సింది నువ్వేనని వెళ్ళిపోయింది.

నేను చెప్పుకున్నాను. మన పెరటి మట్టి మంచిది కాదక్కా, బీడు మట్టయితే బతికేవి అని చెప్పుకున్నాను. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఆ అబద్ధానికి భలే పనికొచ్చింది.

అక్క నమ్మింది. మర్నాడు మధ్యాహ్నం షాపు మూసి, పునాది దగ్గర పోసిన మట్టిని గోతాల్లో నింపి రిక్షాలో తెచ్చింది. నన్ను పిలవలేదు, నేను దిగులుతో పడుకున్నానని. నేను లేచి వచ్చేసరికి నడుం పట్టుకుని రెండో గోతాన్ని పెరట్లోకి ఈడుస్తోంది. నాలుగు మొక్కల్లో ఇంకా ప్రాణం ఉన్నట్టుందిరా అంది. అప్పటికే ఆ నాలుగూ వేళ్ళతో సహా కుళ్ళాయని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

ఉన్నదున్నట్టు కక్కేశాను. పెద్దమ్మ చెప్పిన మాట, చాకు, కడగడం, అబద్ధం, అన్నీ.

అక్క గోతం మీద కూర్చుంది. చాలాసేపు చేతుల మట్టి దులుపుకుంటూనే ఉంది.

"గడ్డి సంగతి నీకు తెలియలేదు, సరే. నాతో అబద్ధం చెబుతావని నాకూ తెలియలేదురా" అంది.

అక్క లేచి ముఖం కడుక్కుని షాపు తెరిచింది. నేను వెనకాలే వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డాను. ఆ సాయంత్రం పొయ్యిలోంచి మొదటిసారి తెల్ల బన్నులు వచ్చాయి. రోజూ వచ్చే టైలరు ఒకటి విరిచి చూసి, రంగేమైందని అడిగాడు.

నేనే చంపేశానండీ, నలభై మొక్కలూ నా చేతులతోనే అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఇన్నేళ్ళ తోటమాలివి, ఆ మాత్రం తెలియదా అని గదమాయించాడు. తలొంచుకున్నాను.

పిండి కలుపుతున్న అక్క అటు తిరిగే ఉంది.

"తెలియక చేశాడు లెండి. మావాణ్ణేం అనకండి" అంది.

అక్క లాగి ఒక్కటి కొట్టినా నాకంత సిగ్గేసేది కాదు. టైలరు రెండు తెల్ల బన్నులు తీసుకుని వెళ్ళాడు.