వెనక సీటు

డ్రయ్యరు తలుపు తీయగానే వేడి గుప్పున మొహానికి కొట్టింది. ఆర్లిస్ రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, దుప్పట్ల ముద్దను వాటేసుకుని బయటికి లాగి, పొడవాటి బల్ల మీద పడేసింది. ఒక్కో దుప్పటీ తీసి అంచుకు అంచు కలిపి, మధ్యకు మడిచి, అరచేత్తో సాపు చేసి పక్కన పేర్చసాగింది. చేతుల పని చేతులు చేసుకుపోతున్నాయి. ఊళ్లో ఈ వృద్ధాశ్రమం కట్టిన కొత్తలోనే ఆమె నేలమాళిగలోని ఈ లాండ్రీలో చేరింది. ఏ స్వెటరు ఎవరిదో మెడపట్టీ మీద పేరు చూడకుండానే చెబుతుంది. పొట్టి మనిషి, గట్టి భుజాలు. వేడికీ సబ్బునీళ్లకీ వేళ్ల చర్మం ఏడాది పొడుగునా ఎర్రగా మెరుస్తూ, కణుపుల దగ్గర చిట్లి ఉంటుంది.

శనివారం ఒంటిపూట పనే. ఆఖరి దొంతర సర్ది, ఏప్రన్ మేకుకు తగిలించి పైకి వచ్చేసరికి ఆమె భర్త మిలో, పక్కింటావిడ కారులో తెచ్చి దింపితే, వాకిట్లో తమ పాత పికప్ ట్రక్కులో హీటరు వేసుకుని స్టీరింగు వెనక కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం, మోకాళ్ల మధ్య ఆక్సిజన్ సిలిండరు.

"జరుగు," అంది ఆర్లిస్, తలుపు తీసి.

"జరుగుతున్నాగా. డ్రైవరమ్మగారికి ఎంత తొందరో!" అంటూ మిలో అంగుళం అంగుళం పక్క సీటులోకి జరిగాడు. అంత మాత్రానికే ఆయాసం వచ్చింది.

అతను బతుకంతా ధాన్యం గోదాములో పనిచేశాడు. లారీలు వచ్చి గోధుమలు కుమ్మరించే గుంట దగ్గర నిలబడి, ఏటేటా ఆ ధూళి పీల్చాడు. "ఈ జిల్లా గోధుమంతా సగం మిల్లుకి పోయింది, సగం నా రొమ్ములో ఉంది," అని డాక్టరుతో హాస్యమాడాడు. డాక్టరు నవ్వలేదు. ఆకులు రాలే కాలం నుంచి అతను బండి నడపడం మానేశాడు.

వాళ్ల కాపురంలోకి వచ్చిన బండ్లన్నీ మిలో కొన్నవే. పొద్దున ఒక పికప్‌లో వెళ్లేవాడు, సాయంత్రం ఇంకోదానిలో వచ్చేవాడు. దాని రంగేమిటో ఆర్లిస్ వంటింటి కిటికీలోంచి చూసి తెలుసుకునేది. ఆమెను అడగాలని అతనికి తోచలేదు, అడగలేదేమని ఆమెకూ తోచలేదు. ఎంత బరువు లాగుతుంది, మంచులో కూరుకుపోతే బయటపడుతుందా, ఇవే అతని లెక్కలు. ముందు ఒక్క సీటే ఉండేది. ఇద్దరికీ అది చాలేది.

ఇప్పుడు చాలడం లేదు. కూతురు రెనే తాగుడు మానే చికిత్సకని బిస్మార్క్ నగరంలోని ఆస్పత్రిలో చేరింది. ఇది రెండోసారి. ఏడేళ్ల బ్రిన్, నాలుగేళ్ల కోల్ అమ్మమ్మ దగ్గరికి వచ్చేశారు. పిల్లలిద్దరినీ వాళ్ల సీట్లలో బిగిస్తే ఆర్లిస్‌కు తప్ప ఎవరికీ చోటు ఉండదు. బడిలో క్రిస్మస్ నాటకంలో బ్రిన్ గొర్రె వేషం వేసినప్పుడు మిలో ఇంట్లో ఉండిపోయాడు. "నేను చూడని గొర్రెలా!" అన్నాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గరి కుర్చీ వదల్లేదు.

"వ్యాను కొనుక్కోండి," అని పక్కింటి బెవ్ సలహా ఇచ్చింది. కానీ వాళ్ల బావి నీళ్లు ఉప్పు. వారం వారం ఊరి కుళాయి నుంచి ట్యాంకుతో నీళ్లు తెచ్చుకోవాలి. పొయ్యికి కట్టెలు తేవాలి. మార్చిలో కూడా ఇంటి దారిలో మోకాటి లోతు మంచు ఉంటుంది. కనుక పికప్పే కావాలి. నాలుగు తలుపులది, వెనక నిండు సీటు ఉన్నది కావాలి. పిల్లల్ని బెవ్ దగ్గర వదిలి ఆరోజు దాన్ని వెతకడానికి బయల్దేరారు.

మొదటిది ఊరి చివర పాత బండ్ల దుకాణంలో ఉంది. నల్లటిది, చక్రాలు నడుము ఎత్తున ఉన్నాయి. టానర్ అనే కుర్రాడు నున్నగా దువ్విన గడ్డంతో ఎదురొచ్చాడు.

"మేడమ్, బయట చలిగా ఉంది, మీరు ఆఫీసులో కూర్చోండి. కాఫీ ఉంది. సార్‌కి నేను చూపిస్తాను."

"కాఫీ తాగే వచ్చాను," అంది ఆర్లిస్.

మిలో బానెట్ ఎత్తించి లోపలికి తొంగి చూశాడు. మొహం వెలిగింది. ఆర్లిస్ వెనక తలుపు తీసి, పైనున్న పిడి పట్టుకుని, మోకాలు ముందు ఎక్కించి, తర్వాత తాను ఎక్కింది. కోల్‌ను రోజూ ఇంత ఎత్తుకు ఎత్తడం తన వల్ల కాదనుకుంది. లోపల అద్దానికి వేలాడగట్టిన పరిమళం బిళ్ల ఘాటుగా ఉంది. దాని అడుగున ఇంకో వాసన. అది ఆమెకు బాగా తెలిసిందే. శనివారం యంత్రంలో మరిచిపోయిన తడి దుప్పట్లను సోమవారం బయటికి తీస్తే వచ్చే వాసన. వంగి కాళ్ల కింది పట్టా ఎత్తి వేళ్లతో నొక్కింది. వేళ్లకు తడి అంటుకుంది.

"మిలో, ఈ బండి నీళ్లలో మునిగింది."

"నాకేం వాసన రావట్లేదే."

"నీ ముక్కులో గొట్టం ఉంది."

టానర్ పెదవి విరిచాడు. "దక్షిణాది వేలంలో కొన్నాం మేడమ్. అక్కడ వరదలు వచ్చిన మాట నిజమే. ఈ బండి సంగతి మాకూ తెలీదు. ఆరబెట్టించి ఇస్తాం."

"వద్దు బాబూ," అంది.

మిలో ఆ ఇంజను వైపు ఇంకోసారి చూసుకుని నెమ్మదిగా బానెట్ దించాడు. ఆమె మాట మీద అతను ఒక బండిని వదులుకోవడం అదే మొదలు. పాత పికప్‌లోకి ఎక్కి సిలిండరును మోకాళ్ల మధ్య సర్దుకున్నాడు.

"ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది," అన్నాడు చివరికి.

"పిల్లలు ఇంజన్లో కూర్చోరు కదా."

రెండోది పెట్రోలు బంకు పక్కన అమ్మకానికి నిలబెట్టిన తెల్ల బండి. దాని వెనక తలుపులు సగమే. సీటు నిటారుగా బల్లలా ఉంది. ఆర్లిస్ కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మిలో బయటి నుంచి చూసి పకపకా నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగి, కాసేపు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. పెదాలు నీలంగా మారాయి.

"ఇంటికెళ్దాం పద," అందామె.

"ఇంకొకటి ఉంది. ఆ రైతు ఎదురు చూస్తుంటాడు. మాట ఇచ్చాను."

గెర్హార్డ్ అనే ఆ రైతు ఇల్లు కంకర రోడ్డు మీద, గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరస వెనక ఉంది. వాకిట్లో నాలుగు తలుపుల బూడిదరంగు పికప్ నిలిపి ఉంచాడు. ఒక పక్క గీతలు పడ్డాయి, వెనక తొట్టి అంచు సొట్టపోయింది. గెర్హార్డ్ పొడవాటి మనిషి, మాట నిదానం.

"నలుగురు ఆడపిల్లలమ్మా నాకు. బాస్కెట్‌బాల్ ఆటలకని జిల్లాలు జిల్లాలు ఇందులోనే తిప్పాను. వెనక సీటులో తినని తిండి లేదు, ఏడవని ఏడుపు లేదు. అందరూ పెళ్లిళ్లై పోయారు. ఇప్పుడు నేనూ మా ఆవిడ లోయిస్సూ చర్చికెళ్తుంటే ఖాళీ బస్సు తోలినట్టుంది."

"తుప్పెంత?" అన్నాడు మిలో.

"మీరే చూసుకోండి. నేను చెబితే అమ్ముకునేవాడి మాటవుతుంది."

మిలో కిందికి చూశాడు. నేల మీద పడుకుని బండి కిందికి దూరడమే అతని అసలు పరీక్ష. ప్రతి బండికీ ముందు అదే చేసేవాడు. ఇప్పుడు వంగితే లేవలేడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆర్లిస్ మెడకు ఉన్న స్కార్ఫ్ తీసి అతని చేతికిచ్చింది.

"ఏం చూడాలో చెప్పు."

"నువ్వా?"

"ఇంకెవరు, లోయిస్సా?"

గడ్డకట్టిన కంకర మీద వెల్లకిలా పడుకుని మడమలతో నెట్టుకుంటూ ఆమె కిందికి దూరింది. చేతిలో గెర్హార్డ్ ఇచ్చిన లైటూ స్క్రూడ్రైవరూ. పైనుంచి మిలో గొంతు వినబడుతోంది.

"రెండు పొడుగాటి ఇనప దూలాలు కనబడుతున్నాయా?"

"ఆఁ."

"వాటిని పొడువు. చక్రాల దగ్గర గట్టిగా పొడువు. టంగుమంటోందా, పుసుక్కున దిగుతోందా?"

"టంగుమంటోంది."

"పైన పెచ్చులు రాలుతున్నాయా?"

"ఎర్రగా దుమ్ము రాలుతోంది. కళ్లలో పడింది. లోపలంతా గట్టిగానే ఉంది."

"నూనె కారుతోందా ఎక్కడన్నా?"

"చెమట పట్టినట్టుంది ఒకచోట. బొట్టు లేదు."

"దాని వయసుకి ఆ మాత్రం చెమట పడుతుందిలే. ఇక రా."

"నాకు ఇక్కడ బానే ఉంది. పొద్దుట్నించి ఇప్పుడే నడుం వాల్చాను."

గెర్హార్డ్ గట్టిగా నవ్వాడు. ఆమె బయటికి వచ్చాక మిలో ఆమె వీపున అంటిన మంచు దులిపాడు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే దులిపాడు.

"ఒకసారి తిప్పుకు రండి," అంటూ గెర్హార్డ్ తాళంచెవి మిలో వైపు చాపాడు. మిలో దాన్ని తీసుకుని ఆర్లిస్‌కు ఇచ్చి, వెనక తలుపు తీశాడు.

"అక్కడెందుకు కూర్చుంటావు?"

"పిల్లలు కూర్చునే చోటు ఎలా ఉందో చూడొద్దూ?"

సిలిండరును కాళ్ల దగ్గర నిలబెట్టుకుని, బెల్టు పెట్టుకుని, హాయిగా చేరగిలబడ్డాడు. ఆర్లిస్ ముందు సీటును దగ్గరికి లాక్కుంది, అద్దం సరిచేసుకుంది. అద్దంలో మొగుడి మొహం కనబడింది. అన్నేళ్లలో ఎప్పుడూ ఆమె అతన్ని అద్దంలో చూడలేదు. పక్కనుంచే చూసింది.

బండి కంకర మీదికి ఎక్కింది. రెండువైపులా మంచు మచ్చలతో గోధుమ పొలాలు, దూరంగా గోదాము తెల్లగా, నిట్టనిలువుగా.

"నెమ్మదిగా బ్రేకు తొక్కు. పక్కకి లాగుతోందా?"

"లేదు."

"చేతులు వదిలి చూడు."

"వదిలా. తిన్నగా పోతోంది."

"హీటరు పెద్దది చెయ్యి." కాసేపాగి, "ఓహో! ఇక్కడిదాకా వస్తోందే!" అన్నాడు. సీటు కింద నుంచి వచ్చే వేడికి చేయి అడ్డం పెట్టి, చిన్నపిల్లాడిలా వేళ్లు ఆడించాడు. ఈ చలికాలమంతా అతను మంచంలో కూడా కోటు విప్పలేదు. ఇప్పుడు బెల్టు తీసి, ఒక్కో చెయ్యే బయటికి లాక్కుంటూ, మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ కోటు విప్పాడు. తలుపు పైన చిన్న కొక్కెం ఉంటే దానికి తగిలించి మళ్లీ బెల్టు పెట్టుకున్నాడు.

"కొక్కెం కూడా ఉందే ఆర్లిస్. ఇల్లు లాగే ఉంది."

"కాళ్లకి చోటుందా?"

"కాళ్లకా? ఇక్కడ డాన్సు చెయ్యొచ్చు. అటు కోల్, ఇటు బ్రిన్, మధ్యలో రెనే. నేను ముందు నీ పక్కన."

రెనే పేరు అతని నోట చాలా రోజులకు వచ్చింది. ఆర్లిస్ అద్దంలోకి చూసింది. అతను కిటికీలోంచి పొలాల వైపు చూస్తున్నాడు.

"వస్తుందంటావా?" అంది.

"చోటంటూ ఉంచాలి కదా. రావడం రాకపోవడం దాని ఇష్టం."

అడ్డరోడ్డు దగ్గర మలుపు తిప్పింది. బండి బరువుగా, బుద్ధిగా తిరిగింది. ఆమెకు ఆ బరువు నచ్చింది. స్టీరింగు మీద తన ఎర్రటి వేళ్లు చూసుకుంది. ఒకరు తెస్తే ఎక్కడమే కానీ, ఇది కావాలని ఆమె ఏనాడూ అనలేదు.

"ఇది తీసుకుందాం, మిలో."

"నన్ను అడుగుతున్నావా, నాకు చెబుతున్నావా?"

"చెబుతున్నాను."

"అమ్మో!" అన్నాడు. అద్దంలో అతని భుజాలు నవ్వుతో కదిలాయి. "మంచి బండి. నేనైతే ఆ నల్లదాన్ని కొనేసి ఉండేవాణ్ని."

"తెలుసు."

ఇంకో మైలు పోయింది. చక్రాల కింద కంకర ఒకే తీరున గరగరమంటోంది. మిలో తల కిటికీ అద్దానికి ఆనింది. వేడికి కునుకు పట్టి ఉంటుందనుకుని ఆర్లిస్ వేగం తగ్గించింది. లేపడం ఇష్టంలేక, తిరగాల్సిన చోట తిరగకుండా ముందుకు పోయి, ఇంకో రోడ్డు చుట్టి వచ్చింది.

గెర్హార్డ్ వాకిట్లో ఇంజను ఆపింది. అంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో సిలిండరు సన్నగా బుస్సుమంటోంది. అది తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"మిలో," అంది, వెనక్కి తిరక్కుండానే.

తర్వాత దిగింది. వెనక తలుపు తెరిచి అతని చెంప తాకి చూసింది. వెచ్చగానే ఉంది. పక్కన కూర్చుని అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి వంగి సిలిండరు మీట తిప్పి గాలి ఆపేసింది. గెర్హార్డ్ మెట్లు దిగి సగం దూరం వచ్చి, ఆమె మొహం చూసి అక్కడే ఆగి, టోపీ తీశాడు. తర్వాత లోపలికి పరుగెత్తి అంబులెన్సుకు ఫోను చేశాడు. అది వచ్చేదాకా లోయిస్ బండి పక్కన చలిలో నిలబడింది.

ఆ వారంలోనే చర్చిలో మిలోకు అంతిమ ప్రార్థన అయింది. చర్చి కింది నేలమాళిగలో హామ్ శాండ్‌విచ్‌లు, కాఫీ పెట్టారు. గోదాము వాళ్లంతా వచ్చారు. రెనేను ఒక్కరోజు కోసం పంపారు. ఆమె తల్లి పక్కన కూర్చుని, రెండు చేతుల మధ్య కాగితం కప్పు పట్టుకుని, ఒక్క గుటక కూడా తాగలేదు. వెళ్లేటప్పుడు పిల్లల తలలు నిమిరి, "వేసవికి వస్తాను," అంది. వస్తుందో లేదో ఆర్లిస్‌కు తెలియదు. "చోటుంది," అని మాత్రం అంది.

అందరూ వెళ్లాక గెర్హార్డ్ దగ్గరికొచ్చి, టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"అమ్మా, ఆ బండి సంగతి... మీకిక దాని మొహం చూడాలని ఉండదు. అర్థం చేసుకోగలను. వేరెవరికైనా..."

"కొంటున్నానని ఆయనతో చెప్పేశాను," అంది ఆర్లిస్.

మర్నాడు గెర్హార్డ్ బండి తోలుకొచ్చి వాకిట్లో నిలిపాడు. అతన్ని తీసుకెళ్లడానికి లోయిస్ తమ కారులో వెంట వచ్చింది. వాళ్లు వెళ్లాక ఆర్లిస్ పిల్లల సీట్లు తెచ్చి బిగించింది. బ్రిన్ కుడి తలుపులోంచి, కోల్ ఎడమ తలుపులోంచి ఎక్కారు. కోల్ కాళ్లు బారజాపాడు. ముందు సీటుకు తగల్లేదు.

"అమ్మమ్మా, ఇది తాతది," అంది బ్రిన్, కిటికీ వైపు చూపించి. "లోపల పెట్టి రానా?"

"ఉండనీ."

ఆర్లిస్ ఇంజను వేసి హీటరు పెద్దది చేసింది. ఇంటి దారి మలుపు తిరిగి బండి కంకర మీదికి ఎక్కింది. తలుపు పైని కొక్కేనికి బరువైన గోధుమరంగు కోటు, మోచేతుల దగ్గర ఇంకా వంపు పోని చేతులతో, మెల్లగా ఊగుతోంది.