లిఫ్టులో ఆఫీసరుగారి అమ్మ

తనది లిఫ్టులు బాగుచేసే పని అని కొడుకు ఎంత మొత్తుకున్నా, అమ్మ మాత్రం చుట్టాలందరికీ ఆఫీసరనే చెప్పుకొచ్చేది. డిగ్రీ లేకపోయినా ఐదో అంతస్తులో ఈ ఇల్లు కొన్నది ఆ పనితోనేనన్న మాట ఆమె చెవికెక్కదు. ఇవాళ పిన్నిని వెంటబెట్టుకుని, కొడుకు హోదా గురించి ఊదరగొడుతూ పైకొస్తుండగా లిఫ్టు మధ్యలో ఆగిపోయింది.

"ఒరేయ్, పానా పట్టుకుని త్వరగా రారా!" అని ఫోన్లో గావుకేక పెట్టింది.

అతను మెట్లు దిగి, మూసి ఉన్న తలుపు ముందు నిలబడ్డాడు. ఒళ్లు మండిపోతోంది.

"ఆఫీసర్లకి పానా పట్టుకోవడం రాదమ్మా. మెకానిక్కే కావాలంటే, వాడు నీకేమవుతాడో ముందు పిన్నికి చెప్పు."

లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"చూశావా చెల్లీ, అంత పెద్ద ఆఫీసరై ఉండి కూడా, లిఫ్టు తనే బాగుచేస్తాడు!"