ఆలోచించి చెప్పు

తొమ్మిదివందల తొంభైమూడు, తొమ్మిదివందల ఎనభైయారు, తొమ్మిదివందల డెబ్బైతొమ్మిది. తలకి గుడ్డటోపీ బిగించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, అతను వెయ్యిలోంచి ఏడేసి తీసేసుకుంటూ పోతున్నాడు. టోపీ నిండా కన్నాలు, కన్నాల్లో చొక్కా గుండీలంత లోహపు బిళ్ళలు, బిళ్ళల నుంచి వీపుమీదికి జడలా దిగిన తీగలు. బిళ్ళకీ నెత్తికీ మధ్య చల్లటి జిగురు. ఆ జిగురు పట్టుకుంటేనే మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తు తీగలోకి దిగుతుంది. అద్దం అవతలి గదిలో తెరమీద గీతలు నడుస్తాయి. వాటి పక్కన ఒక నిలువు పట్టీ ఉంటుంది. తల కష్టపడితే అది లేస్తుంది, తీరుబడిగా ఉంటే దిగుతుంది.

కష్టమైన లెక్కలు చేసేటప్పుడు మనిషి మెదడు ఎంత శ్రమపడుతుందో కొలవడం ఆ ప్రయోగశాల పని. బయటివాళ్ళు రాకముందే టోపీని ఎవరో ఒకరి తలమీద సరిచూసుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఇతనే. ఉద్యోగం పేరు సహాయకుడు గానీ అందరూ పిలిచేది టోపీ బాబాయ్ అని. ఇంతమందికి టోపీలు పెట్టి ఒక్క కేసు కూడా లేనివాడు మన బాబాయ్ ఒక్కడే అని పాత ప్రొఫెసరు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. అతనూ ప్రతిసారీ నవ్వేవాడు. ఉద్యోగంలో అదీ ఒక భాగమే.

ఈ ఉదయం పట్టీ లేవలేదు.

ఈమధ్యే చేరిన పరిశోధకురాలు ముందు తీగలను అనుమానించింది. తర్వాత జిగురును, ఆ తర్వాత తీగలన్నీ చేరే కొత్త యంత్రపు పెట్టెను. అన్నీ మార్చి చూసింది. అతను మళ్ళీ వెయ్యి దగ్గర మొదలుపెట్టి ఎక్కడా తడబడకుండా కిందికి దిగివచ్చాడు. పట్టీ మాత్రం పడుకున్నచోటే పడుకుంది. చివరికి ఆమె లోపలికి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"బాబాయ్ గారూ, మీరు లెక్క చేస్తున్నారా, అప్పజెప్తున్నారా?"

అతను నిజంగానే ఆలోచించాడు. ఎన్నేళ్ళుగానో రోజూ అవే అంకెలు. ఒకటి తర్వాత ఒకటి నోటికి వచ్చేస్తున్నాయి. తీసివేత ఎప్పుడు ఆగిపోయిందో అతనికే తెలియదు.

"అప్పజెప్తున్నట్టున్నానండి," అన్నాడు.

ఆమెకి నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. "సరే, అంకెలు వదిలేయండి. నిజంగా బుర్ర పెట్టి ఆలోచించాల్సింది ఏదైనా ఉంటే ఆలోచించండి. ఏదని నాకు చెప్పక్కర్లేదు."

ఉంది. రాత్రి అక్క అడిగిన మాట ఉంది. ఆమె గుండెలో కవాటం అరిగిపోయింది. ఆపరేషన్ చేస్తే కొన్నాళ్ళు బతకొచ్చు, బల్లమీదే పోనూవచ్చు. చెయ్యకపోతే ఎన్నాళ్ళో డాక్టరు చెప్పలేదు. చేయించుకునేదీ లేనిదీ రేపు పొద్దున ఆస్పత్రికి చెప్పాలి. "నాకొద్దు. కానీ నువ్వు సరే అంటేనే నాకు నిశ్చింత. మొహమాటానికి అనకు, ఆలోచించి చెప్పు," అంది అక్క. అతను దుప్పటి ముసుగు కప్పుకుని పడుకున్నాడు.

తల్లిదండ్రులు పోయినప్పుడు అతనింకా నిక్కర్లు వేసుకుంటున్నాడు. అక్క చదువు మానేసి బట్టల ఫ్యాక్టరీలో చేరింది. చొక్కాలకు కాలర్లు కుట్టి ఇతన్ని పెంచింది. తమ్ముడు స్థిరపడ్డాక పెళ్ళి చేసుకుంటానని ఆమె, అక్కది అయ్యాక నాది చూడండని అతను, ఒకరికోసం ఒకరు ఆగి ఇద్దరూ అలాగే మిగిలిపోయారు. దానిమీద ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకునే వయసు కూడా దాటిపోయింది. ఆమె లేని ఇంటిని తలుచుకుంటే అతనికి భయం వేసింది. ఆపరేషన్ వద్దని అనడానికి నోరు రాకపోవడం ఆమె కోసమా, తన కోసమా అన్నది తేలలేదు.

"లేచింది, లేచింది," అన్న మాట గోడకున్న స్పీకర్లోంచి వినిపించింది. "బాగుంది. ఇప్పుడు ఆపేసి కళ్ళు మూసుకోండి. విశ్రాంతి."

అతను కళ్ళు మూసుకున్నాడు. పట్టీ దిగలేదు.

"ఆపమన్నాను బాబాయ్ గారూ."

"ఆపాననే అనుకుంటున్నానండి."

కష్టం, తీరుబడి రెండూ కనబడకపోతే ఆ తల సరిచూసుకోవడానికి పనికిరాదు. ఆమె మర్యాదగానే చెప్పింది. రేపటినుంచి ఆ కుర్చీలో విద్యార్థులెవరైనా కూర్చుంటారు, మీరు మిగతా పనులు చూసుకోండి చాలు అంది. అతను తలూపాడు. టోపీ విప్పి కుళాయి కింద పెట్టి, ఒక్కో బిళ్ళనూ పాత పళ్ళబ్రష్షుతో తోమాడు. కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

మధ్యాహ్నం ప్రయోగానికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. భారీ మనిషి. టోపీలోకి తల దూరడానికే తంటాలు పడాల్సి వచ్చింది. అతను మొద్దుసూది సిరంజితో కన్నాల్లో జిగురు నింపుతుంటే డ్రైవరు అద్దం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మనసులో ఉన్నదంతా ఆమెకి తెలిసిపోతుందా అన్నా?"

"లేదు. మీరు కష్టపడుతున్నారని తెలుస్తుంది. దేనికో తెలీదు."

"అయితే పర్లేదు," అని డ్రైవరు దవడ వదులు చేశాడు.

పని అయ్యాక మనుషుల తలలు కడగడం అతని వంతు. వెనక్కి వాలే కుర్చీ, సింకు, గోరువెచ్చని నీళ్ళు. మెడ కింద ఒక అరచెయ్యి పెట్టి బరువంతా దానిమీదికి తీసుకుంటాడు. జిగురు పూర్తిగా పోయేదాకా వదలడు. తుడుస్తాడు, దువ్వెన ఇస్తాడు. అట్టలు కట్టిన జుట్టుతో ఎవరినీ వీధిలోకి పంపడు. డ్రైవరు తల తుడుస్తూ ఉండగానే అతను ఒక నిశ్చయానికి వచ్చాడు. ఎలా వచ్చాడని అడిగితే చెప్పలేడు. ఇంత పెద్ద మనిషి మెడ వదిలేసి తన చేతిలో తల పెట్టాడు. అక్క కూడా బరువు తనమీద వదిలేసింది, దాన్ని మోయాలి గానీ తిరిగి ఆమె చేతిలో పెట్టకూడదు అనుకున్నాడు.

సాయంత్రం బస్సు దిగి మెట్లెక్కుతుంటే లోపల ఏదో స్టీలు మూత చప్పుడయింది. తలుపు తీసేసరికి అక్క కిటికీ దగ్గర కుర్చీలో సర్దుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. అతను చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు.

"ఆపరేషన్ వద్దులే అక్కా. నీ ఇష్టమే నా ఇష్టం."

ఆమె అతన్ని తేరిపార చూసింది. "ఆలోచించే అంటున్నావా?"

"పొద్దున్నించీ అదే పని. మిషను కూడా ఒప్పుకుంది."

"మరి ఎందుకొద్దన్నానో అడగవేం?"

"ఎందుకు?"

ఆమె కొంగు నోటిదాకా తెచ్చుకుని చెప్పింది. "పోయినసారి ఆస్పత్రిలో చేర్చినప్పుడు నా కట్టుడుపళ్ళు తీసేసి ఎక్కడో పెట్టారు. నువ్వు మందులకి వెళ్ళినప్పుడు బోసినోటితో వరండాలో పడుకోబెట్టారు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు అందరూ చూశారు. మెలకువగానే ఉన్నానురా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే చేతికి సూదులు. నీకే ఎప్పుడూ కనబడనివ్వలేదు నేను, ఆ ముఖం. ఇంకోసారి నలుగురి ముందూ అలా పడుకోలేను."

రోజంతా అతను నొప్పిని గురించి ఆలోచించాడు, ఖర్చును గురించి, ఒంటరితనాన్ని గురించి ఆలోచించాడు. ఈ సంగతి ఒక్కసారైనా తట్టలేదు. నవ్వు వచ్చినంత పనయింది. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"పడుకోబెట్టనులే," అన్నాడు.

"మాట?"

"మాట."

"ఇంత చిన్న మాటకి నిన్న రాత్రంతా దుప్పట్లో దాక్కున్నావు చిన్నోడా," అని ఆమె నవ్వింది. అన్నం తింటున్నంతసేపూ హుషారుగా మాట్లాడింది. ఫ్యాక్టరీలో ఒకావిడ రెండు కాలర్లున్న చొక్కా కుట్టిన కథ మళ్ళీ చెప్పింది. అతను మళ్ళీ నవ్వాడు, ఈసారి ఉద్యోగంలో భాగంగా కాదు.

తెల్లవారి అతను టీ తీసుకెళ్ళి పిలిస్తే ఆమె పలకలేదు. నిద్రలోనే పోయింది. ఒళ్ళు చల్లబడి చాలాసేపయిందని కింది అంతస్తు పిన్నిగారు చెప్పింది. డాక్టరు వచ్చి చూసి కాగితం రాసిచ్చాడు. అన్నిటికీ మనుషులు దొరికారు, అన్నీ సవ్యంగానే జరిగాయి. అతను ఆమె మెడ కింద అరచెయ్యి పెట్టి తల ఎత్తాడు, జుట్టు తడిపి దువ్వాడు, పాపిడి తీశాడు. నోరు లోపలికి పోయి ముఖం చిన్నపిల్ల ముఖమంత అయింది. పోయినవాళ్ళ ముఖాలు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాడు. మెట్లమీద వరసగా వచ్చి చూశారు, ఇరుగుపొరుగువాళ్ళు, ఫ్యాక్టరీలో ఒకప్పటి స్నేహితురాళ్ళు, ప్రయోగశాల నుంచి పరిశోధకురాలు. బాధ లేకుండా వెళ్ళిపోయిందని అందరూ అన్నారు. అతనూ అదే అన్నాడు. మధ్యాహ్నానికి తీసుకెళ్ళిపోయారు.

సాయంత్రం ఒక్కడే ఇంటికి వచ్చి ఆమె పక్కబట్టలు మడతపెట్టాడు. దిండు తీసేసరికి మంచానికీ గోడకీ మధ్య, పక్కమీద పడుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ కనబడనిచోట, మూతపెట్టిన స్టీలు గ్లాసు ఒకటి ఉంది. అతను మంచం అంచున కూర్చుని మూత తీశాడు. తేటనీళ్ళ అడుగున, రాత్రి ఆమె శుభ్రంగా తోమి పెట్టుకున్న రెండు పళ్ళవరసలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుని ఉన్నాయి.