కుక్కపిల్ల గోళ్ళు తీసిన శుక్రవారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పెడనంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. అద్దకం పని చేసేవాడికి గుడ్డే అన్నం. పరిచిన గుడ్డని కుక్కపిల్ల గీరి చింపితే ముద్దు పెట్టుకుంటాడా ఎవడైనా?

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది సంగతి. ఆరేళ్ళ మా జానకి విషజ్వరంతో ఆషాఢంలో పోయింది. కార్తీకంలో ఎక్కడినుంచో ఈ కుక్కపిల్ల వచ్చి మా ఇంట్లో దూరింది. అప్పటినుంచీ మా ఆవిడ సత్యవతిది ఒకటే మాట. "మన జానకి దీంతో ఆడుకుంటోందండీ. చూడండి, ఎవరూ లేని చోట తోక ఊపుతోంది."

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమందట అనుకున్నాను. అయినా నిజం చెప్పొద్దూ, అది ఖాళీ గోడ ముందు వెల్లకిలా పడుకుని, పొట్ట ఎవరో నిమురుతున్నట్టు కళ్ళు మూసుకుంటే నాకు ఒళ్ళు జలదరించేది. నాకు భయం వేసినా కోపంగానే బయటికొస్తుంది. మూడో గుడ్డ చిరిగిన రోజు, "దీన్ని గూడూరు అవతల వదిలేసి వస్తాను" అని అరిచాను.

సత్యవతి నా కాళ్ళు పట్టుకుంది. "దాన్ని పంపేస్తే పిల్ల కూడా పోతుందండీ! గోళ్ళు తీసేద్దాం. ఇక గీరదు."

మర్నాడు పొద్దున్నే మంగలిని అడిగి గోళ్ళు తీసే కత్తి తెచ్చాను.

"ఇవాళ శుక్రవారమండీ" అని నసిగింది.

"కుక్కకి వారమేమిటే, నా బొంద!"

సత్యవతి వెలుతురు పడేలా గుమ్మం దగ్గర కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పాదం మెల్లగా నొక్కి ఒక్కో గోరూ నా కత్తికి అందేలా పట్టింది. "తెల్లగోరులో ఎర్రగా నరం కనిపిస్తోంది చూశారా? అందాకా పోకండి. కొన మాత్రం, కొంచెం కొంచెంగా."

కుక్కపిల్ల కదల్లేదు. సత్యవతి రెండు చేతులూ దాని కాలి మీదే ఉన్నాయి. కానీ దాని తల మీద వెంట్రుకలు, ఎవరో దువ్వుతున్నట్టు, వెనక్కి అణుగుతూ లేస్తున్నాయి. నేను చూపు గోటి మీదికి తిప్పుకుని గబగబా కోసుకుపోయాను.

ఆఖరి గోరు నల్లది. నరం కనపడదు. "దాన్ని ఊరికే అరగదీసి వదిలేయండి" అంటూనే ఉంది. త్వరగా లేచిపోవాలని గట్టిగా నొక్కేశాను. రక్తం చిమ్మింది. కుక్కపిల్ల కెవ్వుమని ఎగిరింది. రక్తం ఆపడానికని పక్కన పెట్టుకున్న పటిక నీళ్ళ గిన్నె బోర్లా పడింది. ఆ నీళ్ళు తొక్కుకుంటూ, రంగు పట్టడానికి కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టి నేల మీద పరిచిన గుడ్డ మీదుగా పరిగెత్తింది. నేను చెయ్యెత్తి వెంటపడ్డాను. సత్యవతి అడ్డొచ్చి, దాన్ని పట్టుకుని పటిక అద్దితే రక్తం ఆగింది.

గుడ్డ మీద పడ్డ రెండు రక్తపు చుక్కలూ తుడిచేశాను. పటిక నీళ్ళు పడ్డ చోట మాత్రం కంటికి ఏమీ కనిపించదు. పటిక అంటిన చోటే ఎర్ర రంగు పట్టుకుంటుంది కాబట్టి, ఆ గుడ్డని రంగులో ఉడికిస్తేనే మచ్చ తేలుతుంది. ఇన్నేళ్ళ పనివాణ్ణి, కోపంలో అదే మర్చిపోయాను. అదే గుడ్డ మీద అద్దకం వేసి, కాలవలో జాడించి, సోమవారం ఎర్ర రంగు మరిగే రాగి కాగులో వేశాను.

కర్రతో పైకెత్తితే ముందు కుక్కపిల్ల అడుగులు ఎర్రగా తేలాయి. తిట్టబోయి ఆగిపోయాను.

వాటి పక్కన చిన్నపిల్ల అడుగులున్నాయి. గుడ్డ నడిమధ్యకి రాకుండా, చివరంచు వెంబడే, ఒకదాని ముందొకటి. అన్నీ మునివేళ్ళే. మడమ ఒక్కచోట కూడా ఆనలేదు.

బతికున్నప్పుడూ జానకి అంతే. నేను గుడ్డ పరిస్తే చాలు, గోడవారగా మునివేళ్ళ మీద నడిచేది. తొక్కితే వీపు విమానం మోత మోగిస్తానన్నాను. మోగించాను కూడా, ఒకసారి కాదు.

ఓరి దేవుడా! చచ్చిపోయినా నా పిల్లకి నేనంటే భయం పోలేదు. గుండె పగిలేలా ఏడ్చాను. సత్యవతి వచ్చి ఆ అడుగులు చూసి, ఒక్కొక్కటీ అరచేత్తో తడిమింది. నా వైపు చూడలేదు.

లోపలికెళ్ళి ఇంకా రంగు ముట్టని తెల్ల తాను తెచ్చి గది నిండా పరిచాను.

"తొక్కమ్మా జానకీ. నీ ఇష్టమొచ్చినట్టు తొక్కు. నాన్న ఏమీ అనడు."

కుక్కపిల్ల కుంటుకుంటూ వచ్చి అంచు దగ్గర ఆగిపోయింది. తల పక్కకి తిప్పి, పైకి చూసింది. తర్వాత నన్ను చూసింది. అక్కడే కూలబడింది.

"మీరు బయటికి వెళ్ళండి" అంది సత్యవతి. "మీరుంటే పిల్ల రాదు."